యూరప్‌లో యూనివర్సిటీల సదస్సుకు మా కాలేజీ వెళ్తే ఉపయోగం ఉంటుందా?

గోదారిగట్టు
మాది కోస్తాలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ. నేను ఈసీఈ చెబుతాను. పోయిన సెమిస్టర్‌లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ సెల్ కూడా మీరే చూసుకోండి అని ఆర్డర్ చేతిలో పెట్టారు. క్లాసులు తగ్గించలేదు, సాయానికి మనిషిని ఇవ్వలేదు. బీరువా తెరిచి చూస్తే ఎంఓయూల ఫైళ్లు దొంతరలుగా ఉన్నాయి. అన్నిటికీ సంతకాలున్నాయి, సీళ్లున్నాయి, వెనక బ్యానర్ కట్టి తీసిన ఫొటోలున్నాయి. ఆ ఒప్పందాల కింద ఒక్క విద్యార్థి అటు వెళ్లింది లేదు, ఇటు వచ్చిందీ లేదు.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ కన్ను ఈఏఐఈ (యూరోపియన్ అసోసియేషన్ ఫర్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్) మీద పడింది. యూరప్‌లో ఏటా సెప్టెంబర్‌లో జరిగే వాళ్ల సదస్సులో మన స్టాల్ ఉండాలట, తిరిగొచ్చేటప్పుడు కనీసం పది ఎంఓయూలు పట్టుకురావాలట. ఒక్క మనిషి రిజిస్ట్రేషనే వందల యూరోలు. స్టాల్ అంటే ఇంకా చాలా. ఇది నిజంగా పనికొచ్చే సంఘమేనా, లేక నా మెయిల్‌కి రోజూ వచ్చే "గ్లోబల్ ఎక్సలెన్స్ అవార్డు" బాపతా? వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

నాగన్న_ఐక్యూఏసీ
పది అనే లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ ఫారంలో ఎంఓయూల గడి ఉంటుంది కదా, దాని కోసమే. కానీ సంతకం ఉంటే చాలదు సార్. ఏ ఏడాది ఆ ఒప్పందం కింద ఏం జరిగిందో ఆధారాలు అడుగుతారు. ఖాళీ ఫైళ్లు ఎన్ని పెట్టినా సున్నాయే.

కాకినాడ_కాజా
స్టాల్ మీద మా ఊరి కాజాలు పెట్టండి మాస్టారూ, పది కాదు ఇరవై సంతకాలు పడతాయి.

బాన్_బాబాయి
జర్మనీలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈఏఐఈ నకిలీ కాదు. 1989లో పెట్టారు, ఆఫీసు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది, లాభాపేక్ష లేని సంఘం. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే మీకు అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో అర్థమవుతుంది. 1987లో యూరప్ దేశాల మధ్య విద్యార్థుల మార్పిడి పథకం ఎరాస్మస్ మొదలైంది. మొదటి ఏడాది 11 దేశాల మధ్య 3,244 మంది విద్యార్థులు అటూ ఇటూ వెళ్లారు. అంతకుముందు ఈ రాకపోకలు చాలావరకు ప్రొఫెసర్ల సొంత పరిచయాల మీద నడిచేవి. పిల్లలు వేలల్లో కదలడం మొదలయ్యేసరికి అడ్మిషన్, హాస్టల్, ఇన్సూరెన్స్, మార్కుల బదిలీ చూడటానికి ప్రత్యేకంగా మనుషులు కావాల్సొచ్చారు. వాళ్లు కలిసి పెట్టుకున్నదే ఈ సంఘం. అంటే వైస్ ఛాన్సలర్ల క్లబ్బు కాదు, మీరు నేను చేసే ఉద్యోగం చేసేవాళ్లది. ఏడాది పొడవునా శిక్షణలు నడుపుతారు, సర్వేలు వేస్తారు, పత్రిక తెస్తారు. సదస్సు అందులో ఒక భాగం. 2023లో రోటర్‌డామ్, 2024లో టూలూజ్, 2025లో గోథెన్‌బర్గ్‌లో జరిగింది.

ఇక సదస్సులో జరిగేది చెప్తాను. హాలు నిండా స్టాళ్లుంటాయి. ఒక్కో స్టాల్‌లో రెండు మూడు చిన్న బల్లలు, ప్రతి బల్ల దగ్గరా అరగంట అరగంట అపాయింట్‌మెంట్లు. అవన్నీ జూన్, జూలైలలోనే మెయిళ్ల మీద ఖాయమైపోయి ఉంటాయి. ముందు మాట్లాడుకోకుండా వచ్చినవాళ్లకు ఒక బ్రోషరు, ఒక పెన్ను ఇచ్చి నవ్వుతూ పంపిస్తారు. అక్కడికక్కడే ఎంఓయూ సంతకం చేసే అధికారం ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి దాదాపు ఎప్పుడూ ఉండదు. మీ మేనేజ్‌మెంట్‌కి ఈ ముక్క ముందే చెప్పండి.

ఓరుగల్లు_పోరి
ఎంఓయూల మాట వచ్చింది కాబట్టి విద్యార్థి వైపు నుంచి ఒకటి చెప్తా. నేను చదివిన కాలేజీ అడ్మిషన్ బ్రోషర్ మీద ఒక విదేశీ యూనివర్సిటీ లోగో పెద్దగా వేసి, "సెమిస్టర్ అబ్రాడ్" అని రాశారు. మా నాన్న ఆ పేజీ చూసే ఫీజు కట్టాడు. మూడో ఏడాదిలో వెళ్లి అడిగితే ఆఫీసులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి తేలిందేంటంటే ఆ ఒప్పందం గడువు నేను చేరకముందే అయిపోయింది. లోగో మాత్రం నా జూనియర్ల బ్రోషర్ మీద కూడా ఉంది. ఇట్లాంటి సంతకాల కోసం విమాన టికెట్లు కొనే బదులు ల్యాబ్‌లో రెండు మంచి ఆసిలోస్కోపులు కొనండి సార్.

గోదారిగట్టు
@ఓరుగల్లు_పోరి మీరు చెప్పింది చదువుతుంటే మా బీరువా కళ్ల ముందు కనపడింది. అందుకే ఇక్కడ అడిగాను.

సీమపిల్ల
నాది వేరే అభిప్రాయం. కాలేజీ ఎంఓయూ లేకపోయినా వెళ్లే దారులున్నాయి. నేను ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌లో ఉన్నా. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు కట్టక్కర్లేదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, కనీసం రెండు దేశాల్లో చదువుతాం. దానికి నేనే నేరుగా అప్లై చేశా, మా కాలేజీకి సంబంధమే లేదు. అనంతపురం దగ్గర మా ఊళ్లో కూర్చుని ఫోన్‌లో ఫారం నింపాను. మరి ఈ సంఘాలు, సదస్సులు విద్యార్థికి ఎందుకు?

బాన్_బాబాయి
@సీమపిల్ల నీ కోర్సుని మూడు నాలుగు యూనివర్సిటీలు కలిసి నడుపుతున్నాయి కదా. ఒకచోట చదివిన క్రెడిట్లు ఇంకోచోట ఎట్లా చెల్లాలి, డిగ్రీ మీద ఎవరి పేరు ఉండాలి, ఏ దేశపు ఫెయిల్ రూలు పాటించాలి అని వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చుకుంటేనే ఆ ఫారం నీ ఫోన్‌లోకి వచ్చింది. ఆ కూర్చునేవాళ్లకు పరిచయాలు అయ్యేది ఇలాంటి చోట్లే.

సీమపిల్ల
ఆ కోణం నేను ఆలోచించలేదు బాబాయ్. అయినా మొదటి తరం పిల్లలకు ముందు చెప్పాల్సింది నేరుగా అప్లై చేసే దారి గురించే అంటాను. కాలేజీ మేలుకునేదాకా ఆగితే డిగ్రీ అయిపోతుంది.

లెక్కలమేష్టారు
ఉస్మానియాలో చదివి, అక్కడే చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. ఇవన్నీ ఏదో కొత్తగా వచ్చినట్టు మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

లండన్‌లోని కామన్వెల్త్ యూనివర్సిటీల సంఘం 1913 నాటిది. మన దేశంలో ఇంటర్ యూనివర్సిటీ బోర్డు 1925లో వచ్చింది, ఇప్పుడు ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) అంటున్నది దాన్నే. ఆంధ్ర విశ్వవిద్యాలయం కంటే ఒక ఏడాది పెద్దది. ప్రపంచ యుద్ధం ముగిశాక 1950లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఏర్పడింది, దాని కార్యాలయం పారిస్‌లో యునెస్కో దగ్గరే. 1964లో మా క్యాంపస్‌లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అక్కడి లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి ఉండేవాళ్లు. ఆఫ్రికా నుంచి, పశ్చిమాసియా నుంచి విద్యార్థులు నా క్లాసులోనే ఉండేవాళ్లు. వాళ్ల వ్యవహారాలు చూడటానికి యూనివర్సిటీలో విడిగా ఫారిన్ రిలేషన్స్ ఆఫీసు ఉంది.

నా బాధ ఏంటంటే, అప్పట్లో రాకడ కూడా ఉండేది. ఇప్పుడు ఈ సదస్సుల్లో మన స్టాల్ ముందు ఆగేవాళ్లలో ఎక్కువమంది మన పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్దామని చూసేవాళ్లే. సహకారం అంటే రెండు వైపులా నడవాలి. ఒకవైపే నడిస్తే దాన్ని అడ్మిషన్ల వ్యాపారం అనాలి.

డల్లాస్_వాసు
మేష్టారు చెప్పిన వ్యాపారం మాట కొట్టిపారేయలేం. ఇక్కడ అమెరికాలో నాఫ్సా అని ఇలాంటి సంఘమే ఉంది, 1948 నుంచి. ఏటా వాళ్లొక లెక్క వేస్తారు. 2023-24లో విదేశీ విద్యార్థుల వల్ల అమెరికా ఆర్థిక వ్యవస్థకు 43.8 బిలియన్ డాలర్లు వచ్చాయని చెప్పారు. అదే ఏడాది ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం ఇక్కడ మనదేశ విద్యార్థులు 3,31,602 మంది, చైనాని దాటేశాం. అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో డల్లాస్‌లో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా తెలుస్తుంది.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. నేను కొన్నాళ్లు ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సలహాదారుల ఆఫీసులో పనిచేశా. వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఒక తేదీ తప్పుపడితే ఒక పిల్లాడి బతుకు తలకిందులవుతుంది. అలాంటప్పుడు పక్క రాష్ట్రంలో అదే పని చేసే మనిషికి ఫోన్ చేసి "మీరు ఇలాంటిది ఎలా సరిచేశారు" అని అడగగలిగే చనువు ఈ సంఘం వల్లే వచ్చింది. 2020 జూలై గుర్తుందా? క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో ఉంటే విదేశీ విద్యార్థులు దేశం వదిలి వెళ్లాలని 6వ తేదీన ఇక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి, నాఫ్సా లాంటి సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 14వ తేదీకల్లా వెనక్కి తీసుకున్నారు. ఆ వారం మా ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. అవతల ఎక్కువగా వినపడింది తెలుగే.

ఓరుగల్లు_పోరి
ఆ వారం మా అన్న అక్కడే ఉన్నాడు. మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఇట్లాంటి పని చేసే సంఘమైతే నాకు అభ్యంతరం లేదు. నా కోపం లోగోల మీద.

తెనాలి_తారక
నేను ఎగ్జామ్స్ బ్రాంచిలో పనిచేస్తాను. మీరందరూ సదస్సుల దగ్గరే ఆగిపోయారు. అసలు పిల్లలు దెబ్బ తినేది మా టేబుల్ దగ్గర.

జర్మనీవాళ్లు మన సీజీపీఏని వాళ్ల గ్రేడ్‌లోకి మార్చే లెక్క చూడండి. గరిష్ఠ మార్కులోంచి మీకొచ్చింది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ కనీస పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక అమ్మాయికి 7.2 వచ్చిందనుకోండి. కనీస పాస్ 5 అని తీసుకుంటే 2.68 వస్తుంది. అదే 4 అని తీసుకుంటే 2.4. చాలా మాస్టర్స్ కోర్సులకు 2.5 దగ్గర గీత గీస్తారు. అంటే ఒక లెక్కలో ఆమెకి సీటుకి దారి ఉంది, ఇంకో లెక్కలో ఫైలే తెరవరు.

ఇప్పుడు మీ కాలేజీ మార్కుల మెమో వెనక్కి తిప్పి చూడండి. కనీస పాస్ గ్రేడ్ పాయింట్ ఎంతో అచ్చు వేశారా? చాలాచోట్ల ఉండదు. అది లేక అవతలివాళ్లు తోచింది వేసుకుంటారు. పిల్లలు ఏడుస్తూ మా కౌంటర్‌కి వచ్చి లెటర్‌హెడ్ మీద రాసిమ్మంటారు. ఆ సంతకం పెట్టే అధికారి సెలవులో ఉంటారు. అవతల గడువు దాటిపోతుంది.

బాన్_బాబాయి
తారక గారూ, మీ పోస్టుని ఫ్రేమ్ కట్టించి ప్రతి రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టాలి. నా బల్ల మీదకు వచ్చే మన మెమోలు చూసే సమయంలో సగం ఆ ఒక్క పాస్ పాయింట్ వెతకడానికే పోతుంది. ఇంకోటి, మన క్రెడిట్‌కీ యూరప్ క్రెడిట్ల పద్ధతి ఈసీటీఎస్‌కీ నేరుగా పొంతన కుదరదు. వాళ్లకు ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి విద్యార్థి పెట్టే శ్రమ 25 నుంచి 30 గంటలు. క్లాసులో కూర్చున్న గంటలే కాదు, ఇంట్లో చదివినవీ కలిపి. మీ సిలబస్ పుస్తకంలో ఆ గంటలు రాసి ఉంటే మార్పిడి సులువు. ఒక పార్టనర్ మొదట అడిగేవి ఇవే. మీ స్టాల్ ఎంత పెద్దదో ఎవరూ అడగరు.

వీసా_వీరయ్య
షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ మాట ఎవరూ ఎత్తలేదు. సెప్టెంబర్ సదస్సంటే వేసవిలోనే దొరకాలి. అప్పుడే ఊరంతా యూరప్ టూర్లకి ఎగబడుతుంది.

నాగన్న_ఐక్యూఏసీ
వీసా లేకుండానే మొదలుపెట్టొచ్చు. ఆసియా పసిఫిక్ దేశాలకు ఏపీఏఐఈ అని ఇలాంటిదే ఉంది. 2025 మార్చిలో వాళ్ల సదస్సు న్యూఢిల్లీలోనే జరిగింది. తెలుగు రాష్ట్రాల నుంచి రైలెక్కితే వెళ్లిపోయేంత దూరంలో జపాన్, కొరియా, ఆస్ట్రేలియా యూనివర్సిటీలవాళ్లు వచ్చి కూర్చున్నారు. అట్లాంటివి కనిపెట్టుకుని ఉండాలి.

గోదారిగట్టు గారూ, మీ న్యాక్ స్కోరెంత? 2022 యూజీసీ నిబంధనల ప్రకారం 3.01 ఉన్నా, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల యూనివర్సిటీల జాబితాలో మొదటి వందలో ఉన్నా, క్యూఎస్ లేదా టైమ్స్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉన్న విదేశీ యూనివర్సిటీతో ముందస్తు అనుమతి అక్కర్లేకుండా కలిసి కోర్సు పెట్టొచ్చు. ట్వినింగ్ (కొంత భాగం అక్కడ చదివి, డిగ్రీ ఇక్కడ తీసుకునేది) అయితే అక్కడ చదివే క్రెడిట్లు 30 శాతం దాటకూడదు. ఇద్దరూ కలిసి ఇచ్చే జాయింట్ డిగ్రీ అయితే రెండు వైపులా కనీసం 30 శాతం ఉండాలి. న్యాక్ గడిలో పది ఉత్త సంతకాల కంటే ఇలాంటి కోర్సు ఒక్కటి ఎక్కువ.

గోదారిగట్టు
స్కోరు 3.01 పైనే ఉంది. ఈ నిబంధన గురించి మా మీటింగుల్లో ఎవరూ అనగా నేను వినలేదు.

గుడివాడ_గణేష్
మా డైరెక్టర్‌కి "వరల్డ్ యూనివర్సిటీస్..." అంటూ మొదలయ్యే ఏదో సంఘం నుంచి అవార్డొచ్చింది. ఫీజు కట్టి దుబాయ్ వెళ్లి తీసుకొచ్చారు. అదీ ఇలాంటిదేనా?

బాన్_బాబాయి
కాదు తమ్ముడూ. అసలు సంఘానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, నియమావళి ఉంటుంది, సభ్యులు ఓటేసే సమావేశం ఉంటుంది, అవన్నీ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అవార్డుకి ముందు డబ్బు అడిగారంటే అక్కడితో మెయిల్ మూసేయొచ్చు. సభ్యుల పేర్లలో ఒకళ్లిద్దరికి నేరుగా మెయిల్ పెట్టి అడిగినా తేలిపోతుంది.

లెక్కలమేష్టారు
అసలు సంఘాలు కూడా విమర్శకు అతీతం కాదు. ఫీజులు యూరోల్లో, డాలర్లలో పెట్టి "ప్రపంచమంతా రండి" అంటే జిల్లా కేంద్రంలో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ ఎక్కడి నుంచి తెస్తుంది? మా పాత విద్యార్థి ఒకడు శ్రీకాకుళం వైపు పనిచేస్తున్నాడు. కిటికీ తలుపు మార్పించుకోవడానికే ఫైలు తిరుగుతోందట. వాడికి గోథెన్‌బర్గ్ ఎవరు చూపిస్తారు? పైసలున్న కాలేజీల పరిచయాలు పెరిగి, మంచి టీచర్లున్న పాత యూనివర్సిటీలు వెనకబడుతున్నాయి. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

డల్లాస్_వాసు
మేష్టారూ, అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పాత విద్యార్థికి విదేశాల్లో స్థిరపడిన మన ప్రొఫెసర్లు ఎవరైనా తెలిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. కలిసి ఒక పేపర్ రాయడానికి స్టాల్ అక్కర్లేదు. క్యూఎస్ ర్యాంకుల్లో అంతర్జాతీయ పరిశోధన సంబంధాలకు 5 శాతం మార్కులున్నాయి. అక్కడ చూసేది వేరే దేశాలవాళ్లతో కలిసి రాసిన పేపర్లనే, ఎంఓయూలను కాదు.

బాన్_బాబాయి
యూరప్ డబ్బుతోనే వచ్చే దారి కూడా ఒకటుంది, మేష్టారూ. ఎరాస్మస్ ప్లస్‌లో యూరప్ బయటి దేశాలతో విద్యార్థుల, అధ్యాపకుల మార్పిడికి నిధులున్నాయి. దరఖాస్తు పెట్టాల్సింది యూరప్ యూనివర్సిటీయే, మనవాళ్లు పార్టనర్‌గా ఉంటే చాలు. ప్రయాణానికీ, అక్కడ ఉండటానికీ డబ్బు అందులోంచే వస్తుంది. రెండు వైపులా నడుస్తుంది కూడా, వాళ్లవాళ్లూ మన దగ్గరికి రావొచ్చు. టీచర్ వెళ్తే వారానికి కనీసం 8 గంటలు పాఠం చెప్పాలి. ప్రభుత్వ యూనివర్సిటీ, ప్రైవేట్ అన్న తేడా లేదు. కావాల్సింది మెయిల్‌కి జవాబిచ్చే ఒక మనిషి. నిజంగా అంతే. నేను మూడు మెయిళ్లు పెట్టినా జవాబు రాక వదిలేసిన యూనివర్సిటీలు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. కొత్త వీసీ వచ్చాక ఐడీ మారిపోతుంది, పాత ఐడీకి ఉత్తరాలు పోతూనే ఉంటాయి.

తెనాలి_తారక
మెయిల్ ఐడీ మనిషి పేరు మీద కాకుండా ఆఫీసు పేరు మీద ఉండాలని మా దగ్గర నెత్తీనోరూ కొట్టుకున్నాను. మొన్ననే చేశారు.

కాకినాడ_కాజా
ఇంత సీరియస్ చర్చలో కాజా మాట మళ్లీ ఎత్తుతున్నా. బాన్ బాబాయ్, తీసుకెళ్లొచ్చా లేదా?

బాన్_బాబాయి
పాలకోవా తీసుకురావద్దు, పాల పదార్థాలు బయటి నుంచి యూరప్‌లోకి రానివ్వరు. కాజాలో పాలు లేకపోతే పర్వాలేదు. ప్రతి స్టాల్ మీదా ఏదో ఒక దేశపు తీపి ఉంటుంది, మనది లేకపోతే నాకే వెలితిగా ఉంటుంది.

గోదారిగట్టు
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషం. మా వైస్ ఛాన్సలర్ గారితో ఈరోజు మాట్లాడాను. స్టాల్ ఈ ఏడాదికి వద్దని ఒప్పుకున్నారు. పది ఎంఓయూల మాట మాత్రం ఇంకా వదల్లేదు, నాగన్న గారు చెప్పిన 2022 నిబంధనలు ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టి వచ్చాను. బీరువాలో ఉన్న ప్రతి ఒప్పందానికీ అవతలివాళ్లకు మెయిల్ పెడతాను. జవాబొచ్చిన వాటిలో మా డిపార్ట్‌మెంట్లకు సరిపోయే రెండిటినే ముందుకు తీసుకెళ్తాను. సిలబస్‌లో గంటలు, మెమో వెనక కనీస పాస్ పాయింట్ పెట్టించడానికి అకడమిక్ కౌన్సిల్‌కి నోట్ రాస్తున్నాను.

ఓరుగల్లు_పోరి
ఇంకోటి కూడా చేయండి సార్. ఏ ఒప్పందం ఎప్పటివరకు ఉంది, దాని కింద ఎంతమంది వెళ్లారు అని వెబ్‌సైట్‌లో పెట్టండి. గడువు అయిపోయినవి తీసేయండి. అడ్మిషన్‌కి వచ్చే తల్లిదండ్రులకు అది కనపడాలి.

గోదారిగట్టు
పెడతానమ్మా. సున్నా ఉన్నచోట సున్నా అనే రాస్తాను. పైవాళ్లు ఒప్పుకోకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాను.

బాన్_బాబాయి
ఒక పేజీ ఫ్యాక్ట్ షీట్ తయారు చేసి నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి. అకడమిక్ క్యాలెండర్, ఇంగ్లిష్‌లో చెప్పే సబ్జెక్టులు, హాస్టల్ ఖర్చు, ఆఫీసు మెయిల్ తప్పకుండా ఉండాలి. ఆ మార్పిడి నిధులకు ఇక్కడి యూనివర్సిటీలు దరఖాస్తు పెట్టేది మామూలుగా ఫిబ్రవరిలో. పార్టనర్లు ఎవరో శీతాకాలం సెలవులకు ముందే తేల్చుకుంటారు. మీ మెయిళ్లు అక్టోబర్‌లోపు వెళ్లాలి.

గోదారిగట్టు
ఆదివారం కూర్చుని రాసి పంపిస్తాను. తారక గారూ, మీ మెమో వెనక అచ్చు వేసిన వాక్యం యథాతథంగా ఇక్కడ పెడతారా? మా ఎగ్జామ్స్ బ్రాంచికి నమూనా చూపించాలి.

తెనాలి_తారక
రేపు ఆఫీసుకి వెళ్లగానే టైప్ చేసి పెడతాను.